తోమక్కర్లేని దీపం

మొదట నీడ పోయింది.

కమల్ మౌస్ ఒక్కసారి నొక్కాడు. గోడమీది పెద్ద తెరలో ఇత్తడి కుంది కింద పరుచుకున్న మెత్తటి నీడ మాయమైంది. దీపం గాలిలో వేలాడుతున్నట్టయింది. మీటింగ్ గదిలో ఉన్న అయిదారుగురూ తెరవైపు చూస్తున్నారు. ఆ దీపం గీసిన వసుంధర మాత్రం తన కాఫీ కప్పు అంచు చూసుకుంటోంది.

"ఇప్పుడు షైన్," అన్నాడు కమల్.

ఇత్తడి మెరుపు పోయింది. ఆ తర్వాత నూనెమీద తేలే వెలుగు, వత్తి కొసన మసి, మంట చుట్టూ ఉండే పసుపుపచ్చని కాంతి. బొమ్మ ఫైల్లో ప్రతి పొర పక్కనా ఒక చిన్న కన్ను ఉంటుంది. ఆ కన్ను మూస్తే పొర కనబడదు. కమల్ ఒక్కో కన్నూ మూసుకుంటూ పోయాడు. తెల్లవారుజామున లేచి వేసుకున్న ముగ్గుని తన ఎదుటే ఎవరో చీపురుతో ఊడుస్తున్నట్టనిపించింది వసుంధరకు.

చివరికి తెరమీద ఒక వంపుగీతా, దాని మీద నారింజరంగు చుక్కా మిగిలాయి.

"చూశారా, ఇంకా దీపమే," అన్నాడు కమల్. "అసలు ఇది కూడా అక్కర్లేదని నా ఉద్దేశం." తర్వాతి పేజీలో వట్టి నారింజరంగు వృత్తం ఒకటి చూపించాడు. తాకితే వెలుగుతుంది, మళ్ళీ తాకితే బూడిదరంగుకు తిరుగుతుంది. అంతే.

అది రెండువేల పదమూడు. ఫోన్లలో బొమ్మలన్నీ చదునైపోతున్న ఏడాది. అంతకుముందు దాకా ఫోన్లో నోట్‌బుక్ అంటే తోలు అట్టా, దానికి కుట్టూ ఉండాల్సిందే. పుస్తకాల అర అంటే చెక్క చారలు కనబడాల్సిందే. ఆ కుట్లూ చారలూ గీసి బతికిన జాతిలో వసుంధర ఒకతె. కాకినాడలో డ్రాయింగ్ పరీక్షలు పాసై, సింగపూర్ వచ్చిన కొత్తలో ఆమె గీసినవి బూడిదరంగు బటన్లు. పైనా ఎడమవైపూ తెల్లగీత, కిందా కుడివైపూ నల్లగీత. వెలుతురు ఎప్పుడూ ఎడమ పై మూలనుంచే పడాలి, అదీ రూలు. ఈ ఊళ్ళో సూర్యుడు నడినెత్తిన నిలబడి మనుషుల నీడల్ని కాళ్ళకిందే తొక్కిపెడతాడు గాని, కంప్యూటర్లో మాత్రం పదిహేనేళ్ళుగా ఆయన ఎడమ మూల వదిలి కదల్లేదు. కదలనివ్వని వాళ్ళలో వసుంధరా ఉంది. ఇప్పుడు ఈ ముప్ఫయ్యేళ్ళ కుర్రాడు వచ్చి సూర్యుణ్ణే పీకేశాడు.

కమల్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమెకు ఎంతో సుఖంగా ఉండేది, ఇంటికెళ్ళి తిట్టుకునేది. ఇక్కడే పుట్టిన తెలుగువాళ్ళ పిల్లాడు. మీటింగుల్లో ఇంగ్లీషు, బయటికొస్తే "అక్కా."

ఆ దీపం సైన్స్ పార్క్‌లోని వాళ్ళ చిన్న కంపెనీ తయారుచేసిన ఒక పలకలోది. ఫ్లాట్లలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు స్టాండు మీద నిలబెట్టిన ట్యాబ్లెట్ ఒకటి ఇస్తారు. అందులో ఉండేది దీపం ఒక్కటే. పొద్దున లేచి దీపాన్ని తాకితే వెలుగుతుంది, వాళ్ళ పేటలోని పెద్దల కేంద్రంలో ఆ పేరు పక్కన పచ్చచుక్క పడుతుంది. లేచారు, బాగున్నారు అని అర్థం. రాత్రి పడుకునేముందు మళ్ళీ తాకి ఆర్పాలి. పొద్దున పదయినా ఎవరి చుక్కా పడకపోతే కేంద్రంలో వలంటీరు వెళ్ళి తలుపు తట్టాలి.

"చాలామంది బాగానే వాడుతున్నారు," అన్నాడు కమల్. "సెంబవాంగ్‌లో కుమారమ్మ అని ఒకావిడ ఉంది. మొదటిరోజు తాకింది. నెలయింది, మళ్ళీ ఒక్కసారి తాకలేదు. వలంటీరు నళిని రోజూ మెట్లెక్కి వెళ్ళి చూసొస్తోంది. ఇంత అందమైన బొమ్మ పెట్టి ఏం లాభం? అది బటనని ఆవిడకు తెలీడమే లేదు."

"తెలీదని ఎవరన్నారు?" అంది వసుంధర, కప్పు వదిలేసి.

"నళిని అంటోంది. శుక్రవారం ఇక్కడికి వస్తోంది. ఆ ట్యాబ్లెట్ తీసి వేరేవాళ్ళకు ఇమ్మంటోంది. ఆవిడ మేనల్లుడు రాజేష్ కూడా, ఇదొక్కటి కూడా చేతకాకపోతే ఒక్కతే ఎలా ఉంటుంది, హోమ్‌లో చేర్పిస్తానంటున్నాడట."

వసుంధరకు కోపం వచ్చింది. బొమ్మ తాకలేదని మనిషిని ఇల్లు కదిలిస్తారా? దాని వెనకాలే ఇంకో కోపం కూడా ఉంది, అది తన దీపం గురించి. ఏ కోపం ముందు వచ్చిందో ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

"శుక్రవారం దాకా ఆగు. నేను వెళ్ళి చూసొస్తాను."

"వెళ్ళండి," అన్నాడు కమల్ వెంటనే. "నా బొమ్మ కూడా తీసుకెళ్ళండి. రెండూ చూపించండి."

మధ్యాహ్నం హాకర్ సెంటర్లో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర తేలారు. బల్లమీద కమల్ టిష్యూ పాకెట్ ఒకటి పడేసి అన్నం తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఆ కిటకిటలో ఎంతమంది ప్లేట్లు పట్టుకుని తిరిగినా ఆ బల్ల జోలికి ఎవరూ రాలేదు. టిష్యూ పెట్టి చోప్ చేశాక అది నీ బల్లే. ఊరంతా ఒప్పుకున్న ధర్మం.

"ఇదే అక్కా నేను చెప్పేది," అన్నాడు తిరిగొచ్చి, ఆ పాకెట్ తీసి చూపిస్తూ. "దీనికి షాడో ఉందా, షైన్ ఉందా? అందరికీ తెలిసిపోయింది గదా. తెలిసిపోయిన తర్వాత సుమ్మా, ఊరికే ఉన్నా చాలు."

"నువ్వు ఈ ఊరివాడివి గాబట్టి తెలిసింది. నేను వచ్చిన కొత్తలో ఎవరో మర్చిపోయారనుకుని టిష్యూ తీసి పక్కన పెట్టి కూచున్నాను. ఒకావిడ వచ్చి నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే."

కమల్ నవ్వాడు. వసుంధరా నవ్వింది గాని మనసులో మాత్రం, రానీ శుక్రవారం, నీ పనిచెప్తా అనుకుంది.

*

బుధవారం పొద్దున్నే కెంట్ రిడ్జ్‌లో రైలెక్కి, బిషాన్‌లో మారి, సెంబవాంగ్ చేరింది. ఆ బ్లాకు పాతది. లిఫ్టు ఆగే చోటునుంచి ఇంకో అంతస్తు మెట్లెక్కాలి. వరండా చివర ఇనుప గ్రిల్ తలుపు, గ్రిల్‌కు మామిడాకులు, పక్కన డబ్బాలో తులసి.

"ఎవురూ? నళిని సెప్పిన అమ్మాయివేనా? రా, రా. మాకాన్ అయ్యిందా?"

కుమారమ్మ ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. సన్నగా, నిటారుగా ఉంది. భర్త కృష్ణయ్య ఇక్కడి నేవీ డాకియార్డులో తాళ్ళ గోదాములో పనిచేసి పోయాడట. అన్నం తిన్నావా అనడానికి మాకాన్, కూడదు అనడానికి తాబోలే. ఆమె తెలుగులో మలయ్ మాటలు అన్నంలో రాళ్ళలా కాకుండా పప్పులా కలిసిపోయి ఉన్నాయి. వసుంధర తిన్నానని చెప్పినా వినకుండా వంటింట్లోకి వెళ్ళి, చిక్కటి డబ్బాపాలు పోసి తేహ్ కలపడం మొదలుపెట్టింది. రెండు గ్లాసుల మధ్య టీ మూరెడు పొడుగున సాగింది. ఒక్క చుక్క ఒలకలేదు.

ట్యాబ్లెట్ ఎక్కడుందో వసుంధర వెతుక్కోనక్కర్లేకపోయింది. దేవుడి అరలో ఉంది. అమ్మవారి పటానికి కుడిపక్క, చిన్న పీటమీద. దాని నల్లటి అంచుకి పైన కుంకుమ బొట్టు. చుట్టూ మల్లెదండ. తెరమీద ఇత్తడి కుంది వెలుగుతోంది. నూనెమీద వెలుగు తేలుతోంది. మంట, తను నెలరోజులు కుస్తీపట్టి నేర్పిన ప్రకారం, గాలికి కొంచెం వంగి మళ్ళీ నిలబడుతోంది.

వసుంధర అరకు దగ్గరగా వెళ్ళింది. తను గీసిన బొమ్మలు బిల్‌బోర్డుల మీద చూసింది, విమానాల్లో చూసింది. మల్లెదండ వేసుకుని కూర్చున్నది చూడటం ఇదే మొదటిసారి.

"బాగున్నాది గదా," అంది కుమారమ్మ గ్లాసు చేతికిస్తూ. "శుక్రోరం శుక్రోరం మెత్తగుడ్డతో తుడస్తాను. ఇత్తడిది గదా, చింతపండు పెట్టి తోమాల. గాజు అడ్డం ఒచ్చినాది, ఏటి సేస్తాం."

తను వచ్చింది దీనికోసమే. ఈ అర ఒక్క ఫొటో తీసుకెళ్ళి కమల్ తెరమీద వేస్తే చాలు, నారింజ వృత్తం నోరు మూసుకుంటుంది. వసుంధర ఫోన్ తీసింది. తీసి, ఆగింది. ట్యాబ్లెట్ వైరు వెళ్ళి గోడలో ప్లగ్గుకు చేరుతోంది. ఆ స్విచ్చిమీద తెల్లటి ప్లాస్టరు అడ్డంగా, నిలువుగా అంటించి ఉంది.

"అదేంటండీ?"

"ఎవురైనా మర్సిపోయి నొక్కేస్తారని. నొక్కితే దీపం పోతాది గదా." కుమారమ్మ గొంతు తగ్గించింది. "మొన్న లిప్టు రిపేరని బ్లాకంతా కరెంటు తీసినారు. నాకు కాలూ సెయ్యీ ఆడలేదు. దీన్ని సంకలో పెట్టుకొని కిందికి దిగి, ఎదురు బ్లాకు కాపీ అంగడి సీనావిడ కాడ ప్లగ్గు పెట్టించినాను. ఆపె కూడా ఏటీ అనలేదు పాపం. తన దేవుడి పక్కనే జాగా ఇచ్చినాది. కరెంటు వొచ్చినాక మళ్ళా ఎత్తుకొని ఒచ్చినా."

"మరి రాత్రి..." వసుంధర గ్లాసు కింద పెట్టింది. "రాత్రి పడుకునేముందు తాకి ఆర్పాలి కదండీ?"

కుమారమ్మ ఆమెవైపు వింతగా చూసింది. తెలుగమ్మాయివే గదా, అన్నట్టు.

"దీపం సేత్తో ఆర్పుతారేటమ్మా? తాబోలే, తాబోలే. మా అమ్మ నోటితో ఊదినాదని మా అమ్మమ్మ రెండ్రోజులు అన్నం తిన్లేదంట. నూనె అయిపోతే దానంతట అదే కొండెక్కుతాది. ఈ దీపానికి నూనె అవ్వదు. మంచిదే గదా. మొదటిరోజు నళిని ముందర వెలిగించినాను. అప్పటికాడ్నించి అలాగే ఉన్నాది. పొద్దున్నే లేచి దండం పెట్టుకొని పసార్‌కి పోతాను, కూరగాయలకి."

వసుంధర అక్కడే, ఆ చల్లటి నేలమీద కూర్చుంది. ఇప్పుడు అంతా తెలిసింది. ఆవిడ తాకకపోవడం కాదు, తాకాల్సిన పని లేదు. నిన్నటినుంచీ వెలుగుతున్న దీపాన్ని ఇవాళ మళ్ళీ ఎవరు వెలిగిస్తారు? వెలిగించకపోతే చుక్క పడదు. చుక్క పడకపోతే చేతకానిదని రాసుకుంటారు. బొమ్మ బాగా లేక కాదు, మరీ బాగుండబట్టి. అది దీపంలా ఉండబట్టే కుమారమ్మ దానితో దీపంతో ఉన్నట్టే ఉంది.

"నళినికి ఈ సంగతి చెప్పలేదా?"

"పాపం ఆ పిల్ల మెట్లెక్కి ఒస్తాది. నిలబడి, ఏలు పట్టుకొని నేర్పినాది. రాత్రి ఆర్పమన్నాది. ఆర్పనమ్మా అంటే చిన్నబుచ్చుకోదేటి? అందుకని సరి సరి అన్నాను." కుమారమ్మ పమిట కొంగుతో ట్యాబ్లెట్ అంచు తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా. "ఇప్పుడు ఆ పిల్లకి కోపం ఒచ్చినాదంట గదా. రాజేష్‌కి పోన్ చేసి సెప్పినాదంట. ఆడు హోమ్‌కి పదమంటున్నాడు. అక్కడ పొయ్యి ముట్టనివ్వరు. దీపం ఎట్టనివ్వరు. నానేటి తప్పు సేసినానమ్మా?"

ఆ ప్రశ్నకు వసుంధర దగ్గర జవాబుంది. అది తనమీదికే వచ్చే జవాబు. అందుకని ముందు కమల్ ఇచ్చిన బొమ్మ తన ఫోన్లో తెరిచి చూపించింది.

"ఇదైతే ఎలా ఉందో చూడండి."

"ఇదేటి, సూరీడా?"

"అనుకోండి. తాకితే వెలుగుతుంది. రాత్రి మళ్ళీ తాకితే బూడిదరంగవుతుంది."

కుమారమ్మ వేలు దగ్గరదాకా తీసుకొచ్చి వెనక్కి తీసుకుంది. "బాగానే అడిగినావు. సూరీణ్ణి ఆర్పీడానికి నానెవుర్ని?"

*

ఫొటో తియ్యకుండానే తిరిగొచ్చింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆ మాటలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. శుక్రవారం రెండు రకాలుగా మాట్లాడొచ్చు. ఆవిడకు బొమ్మ ఎంతో నచ్చింది, పూజ చేస్తోంది, రాత్రి తాకడం ఒక్కటే ఇంకోసారి నేర్పాలి అనొచ్చు. అదీ నిజమే. అలా అంటే దీపం మిగులుతుంది, కుమారమ్మ మాత్రం నేర్పినా నేర్చుకోలేని మనిషిగానే మిగులుతుంది. లేదా, తప్పు నా దీపానిదే అనాలి. కుమారమ్మ ఇల్లు కుమారమ్మకు ఉంటుంది, దీపం పోతుంది. కమల్ నోటికి తనే చక్కెర అందించినట్టవుతుంది.

గురువారం సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. కూతురు ప్రణవికి పదమూడేళ్ళు. టెన్నిస్‌కి బయల్దేరుతూ, "అమ్మా, నువ్వు కూడా కిందికి వస్తున్నావ్ కదా, ఫైర్ రిస్క్ లా," అని ఈ ఊరి పిల్లల యాసలో అంటూ దేవుడి అరముందు వంగి బుగ్గలు పూరించింది.

"ఊదకే," అంటూ వసుంధర గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి కూతురి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. పెట్టాక, ఆ చేతిని చూసుకుని నవ్వుకుంది. ఈ చెయ్యే ఆ ట్యాబ్లెట్‌లో దీపం గీసింది. గీసేటప్పుడు ఎదురుగా పెట్టుకున్న కాగితంలో ఆన్, ఆఫ్ అని రెండు మాటలున్నాయి. రెండు బొమ్మలు గీసిచ్చింది. ఆఫ్ బొమ్మకోసం వత్తి కొసనుంచి సన్నటి పొగ లేచేట్టు కూడా గీసింది, ఎంత చక్కగా వచ్చిందో అని మురిసిపోయింది. ఇంట్లో ఏనాడూ చెయ్యని పనిని ఎనభయ్యేళ్ళావిడ చేత రోజూ చేయించబోయిందని అప్పుడు తోచనేలేదు. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో గీసింది, అదీ సంగతి.

చామంతి పువ్వొకటి తీసి, కాడతో వత్తిని నూనెలోకి మెల్లగా నెట్టింది. "ఇలా కొండెక్కించాలి."

"సేమ్ థింగ్ లా," అంది ప్రణవి బూట్లు తొడుక్కుంటూ.

"సేమ్ థింగ్ కాదు," అంది వసుంధర. ఎందుకు కాదో చెప్పబోయి మానేసింది. రేపు చెప్పాల్సిన చోట చెపితే చాలనుకుంది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

*

శుక్రవారం నళిని ముందే వచ్చి కూర్చుంది. నలభై దాటిన మనిషి, మోకాలికి పట్టీ, ఒళ్ళో పెద్ద సంచీ. ఆమెదీ ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబమే.

"నేను మంచికే చెప్తున్నాను అక్కా," అంది వసుంధరతో, ఎవరూ అడక్కముందే. "నాకు ఆవిడమీద కోపం లేదు. రోజూ పదింటికి నా గుండె దడదడా కొట్టుకుంటుంది. తలుపు తట్టి, ఆవిడ గొంతు వినేదాకా నాకు ఊపిరాడదు. చేతకానప్పుడు చేతకాదని ఒప్పుకోవాలి గదా."

"ఆవిడకు చేతనవును," అంది వసుంధర. లేచి నిలబడాల్సిన అవసరం లేదు గాని నిలబడింది. "తప్పు ఆవిడది కాదు. నా దీపానిది."

కమల్ తలెత్తాడు.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. మల్లెదండ, స్విచ్చిమీద ప్లాస్టరు, కాఫీ అంగడి దాకా సంకన పెట్టుకుని దిగడం, చివరికి సూరీణ్ణి ఆర్పనన్న మాట. చెపుతూ చెపుతూ ఇంగ్లీషులోంచి తెలుగులోకి ఎప్పుడు దిగిందో తనకే తెలీలేదు. మిగతావాళ్ళకు అర్థమైందో లేదో గాని నళినికి అర్థమైంది. సంచీ బల్లమీద పెట్టేసి రెండు చేతుల్తోనూ మొహం కప్పుకుంది.

"మా ఇంట్లో కూడా ఆర్పం," అంది చేతుల వెనకనుంచి. "నెలరోజులూ దాని ఎదురుగ్గా కూచుని తేహ్ తాగుతున్నాను. వెలుగుతోంది, బాగుంది అనుకున్నాను. పగలు వెలిగుంటే మంచిదే గదా అనుకున్నాను. రాత్రి ఎలా ఉందో అడగాలని తట్టలేదు అక్కా."

"నీకేం తట్టాలి, గీసినదానికే తట్టలేదు." వసుంధర కమల్ వైపు తిరిగింది. "నీ మాటే నెగ్గింది. అంత నిజంగా ఉండకూడదు. తీసేద్దాం."

కమల్ పెన్ను మూత తీసి, పెట్టి, తీశాడు.

"నా సూర్యుడు కూడా పాసవలేదు గదా అక్కా," అన్నాడు. మీటింగ్‌లో అక్కా అనడం అదే మొదలు. "ఆవిడ అడిగింది కరెక్టే. సూర్యుణ్ణి ఆర్పడానికి నేనెవర్ని? మీకిచ్చిన కాగితంలో ఆఫ్ అని రాసింది నేనే. మీరు దానికి బొమ్మ గీశారు, నేను అదే పనికి ఇంకో బొమ్మ గీశాను. ఇద్దరం బొమ్మల గురించే కొట్లాడుకున్నాం. పని గురించి ఎవరం అడగలేదు."

"అయితే ఆఫ్ తీసెయ్," అంది వసుంధర. "రాత్రి ఆవిడ ఏమీ చెయ్యక్కర్లేదు. తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉన్నప్పుడు, దానంతటదే కొండెక్కుతుంది. పొద్దున లేచి వెలిగించుకుంటుంది. వెలిగించడం ఒక్కటే పని."

"కొండెక్కడం," అన్నాడు కమల్, ఆ మాట నోట్లో తిప్పుకుంటూ. "మా పాటి, మా నాయనమ్మ, కూడా అనేది. అరవంలో. మలై ఏరిపోచ్చు అని. ఏ మలై, ఏ కొండ అని అడిగితే తిట్టేది." నవ్వాడు. "కోడ్‌లో చిన్న మార్పే. ఆఫ్ తియ్యడానికి పూటైనా పట్టదు. దీపం ఉంచుదాం. మీరే గియ్యండి. కాకపోతే ఫ్లాట్‌గా. మిగతా అన్నీ మారుతున్నాయి, ఇది ఒక్కటే మెరుస్తూ ఉంటే బాగుండదు."

రాజేష్‌కి తనే ఫోన్ చేసి చెపుతానంది నళిని. బయట లిఫ్టు దగ్గర నిలబడే చేసింది. "మీ అత్తకి కాదు, మాకే చేతకాలేదు," అనడం లోపలికి వినబడింది.

అందరూ వెళ్ళాక కమల్ తలుపు దగ్గర ఆగాడు.

"అక్కా, టిష్యూ గురించి ఆలోచించాను. మొట్టమొదట ఎవరో ఒకరు బల్ల దగ్గర నిలబడి, ఇది నాదీ, ఇది నాదీ అని వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పుంటారు గదా. చాలారోజులు చెప్పుంటారు. ఆ తర్వాతే గదా టిష్యూ పడేసి వెళ్ళగలిగింది." కొంచెం తడబడ్డాడు. "చిన్నప్పుడు స్కూల్లో కంప్యూటర్ ముందు కూచుంటే, ఏది నొక్కాలో నాకు ఎవరూ చెప్పలేదు. అది పైకి లేచి ఉంది, నొక్కాను. మీలాంటివాళ్ళు అన్నేళ్ళు నీడలు గియ్యబట్టే ఇవాళ నేను నీడ లేకుండా గీసినా అందరికీ తెలుస్తోంది. థాంక్స్ చెప్పాలనిపించింది."

వసుంధరకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పదిహేనేళ్ళ చాకిరీకి ఇంత సరైన కూలి ఎవరూ ముట్టజెప్పలేదు. "పో, పనిచూసుకో," అంది.

తన బల్ల దగ్గరికి వెళ్ళి పాత ఫైలు తెరిచింది. ఈసారి కళ్ళు తనే మూసింది. నూనెమీద వెలుగు, వత్తి మసి, ఇత్తడి మెరుపు. ప్రతి పొరా మూసేముందు ఒక్క క్షణం చూసింది. ఎడమ పై మూలనుంచి పడే వెలుతురు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగింది. ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన వెలుతురది. దానికి మనసులో దండం పెట్టుకుని, ఆ కన్నూ మూసింది. మిగిలిన వంపుగీతను ఇంకాస్త లోతు చేసింది. మంటను రెండు రంగుల్లో సరిపెట్టింది. అది ఆమె అనుకున్నంత కష్టంగా లేదు. నిజం చెప్పాలంటే, చేతికి హాయిగా ఉంది.

*

మరుసటి వారం కొత్తది సిద్ధమైంది. మిగతావాళ్ళ ట్యాబ్లెట్లు ఆఫీసునుంచే మార్చారు. కుమారమ్మది మాత్రం అక్కడికే వెళ్ళి మార్చాలని వసుంధర పట్టుబట్టింది. ఇంకో షరతు కూడా పెట్టింది. పాతది వెలుగుతూ ఉండగానే కొత్తది వెలుగుతూ రావాలి, మధ్యలో తెర ఒక్క క్షణం కూడా చీకటి కాకూడదు. కమల్ ఎందుకని అడగలేదు. ఒక పూటంతా కూర్చుని అదే పనిచేశాడు, సాయంత్రం తనూ వెంటవచ్చాడు. నళిని కిందే కలిసింది.

"ఇతనెవురు? మన పిల్లాడేనా?" అంది కుమారమ్మ. కమల్ వంగి ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. వసుంధర ఎప్పుడూ చూడని కమల్.

అరముందు అందరూ కింద కూర్చున్నారు. రాత్రి ఇక ఏమీ చెయ్యక్కర్లేదనీ, తెల్లవారుజామున దానంతటదే కొండెక్కుతుందనీ, లేవగానే వెలిగించుకుంటే చాలనీ వసుంధర చెప్పింది. కుమారమ్మ ప్రతి మాటకూ తలూపింది. ఈసారి సరి సరి అనలేదు.

"అదీ పద్దతి," అంది. "దీపమన్నాక పొద్దున్నే ఎలిగించుకోవాల గదా. నెలరోజులు సెయ్యి ఊరికే ఉన్నాది."

కమల్ ఫోన్లో ఏదో నొక్కాడు. తెరమీద ఇత్తడి కుంది మెల్లగా పలచబడింది. దానిలోంచే గీతలు తేలాయి. మంట మంటలాగే ఉంది, దాని కింద ఇప్పుడు ఇత్తడి లేదు, మెరుపు లేదు, నీడ లేదు. ఎర్రమట్టి రంగులో ఒక వంపు, దాని మీద వెలుగు.

కుమారమ్మ ముందుకు వంగి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె మొహంలో చిన్న భయం కదిలింది.

"పాతదాన్ని ఆర్పేసినారా?"

కమల్ వసుంధర వైపు చూశాడు. నళినీ చూసింది.

"లేదమ్మా," అంది వసుంధర. "ఎవరం ఆర్పలేదు. దాంతోనే దీన్ని వెలిగించాం."

అది ఓదార్పుకోసం అన్న మాట కాదు. జరిగింది అదే. కుమారమ్మకు అది వసుంధర మొహంలోనే కనబడ్డట్టుంది, భయం సడలింది. వేలి కొసలతో తెర అంచుని తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది.

"ఇది మట్టి ప్రమిద," అంది తీర్పు చెప్పినట్టు. "నా పెళ్ళినాడు పెట్టిన ఇత్తడి కుంది తోమి తోమి సేతులు అరిగిపోయినాయి. ఇది తోమక్కర్లేదు. నా వయసుకి ఇదే బాగున్నాది." లేచి వంటింటివైపు నడుస్తూ, "కూచోండి, తేహ్ ఎడతాను," అంది.

ఇత్తడి తర్వాత వచ్చేది ఏదో చవకదని ఇన్నాళ్ళూ తను ఏడ్చింది. ఈ ముసలమ్మ ఒక్క మాటతో దానికి ఇత్తడికంటే పాత చుట్టరికం కలిపింది. వసుంధర ఆ ఎర్రటి వంపును చూస్తూ కూర్చుంది. ఎవరికి రుణపడి ఉందో లెక్క తేలలేదు, తేల్చుకోవాలనీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున కెంట్ రిడ్జ్ స్టేషన్లో ఎస్కలేటర్ మీద ఉండగా నళిని ఫోన్ చేసింది.

"అక్కా, కుమారమ్మ ఆంటీ వెలిగించింది. పచ్చచుక్క పడింది, ఇప్పుడే."

"అమ్మయ్య. ఇంక నీకు మెట్లెక్కే బాధ తప్పింది."

అవతల మెట్ల చప్పుడూ, ఆయాసమూ వినబడ్డాయి.

"ఎక్కుతూనే ఉన్నాను," అంది నళిని. "తేహ్ కలిపి ఉంచుతానంది."